కరివేపాకు చెట్టు కింద పెంకులు

జూన్ 9, సోమవారం

మళ్ళీ కోళ్ళు. అత్త స్నానం చేసి మడిచీర కట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి బట్టలుతికే బండ మీద రెట్ట. కాలికి అంటింది. మళ్ళీ స్నానం. ఈసారి వేణ్ణీళ్ళు లేవు. నన్ను గోడ దగ్గరికి పంపింది.

గోడకు అవతల యల్లక్క ఇల్లు. గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సు వచ్చే లోపలే ఆమెను పట్టుకోవాలి. పిలిచాను. టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని వచ్చింది.

"యల్లక్కా, నీ కోళ్ళు మళ్ళీ వచ్చినాయి."

"వాటికి కాళ్ళుండాయి గదా, వస్తాయి."

"కట్టేసుకోరాదా?"

"కోళ్ళను కట్టేసేదా? ఎద్దులనుకుంటివా శెట్టెమ్మా? ఆడ గోడలో సందుండాది. గోడ మీది. మూసుకోండి. నేనేమన్నా వద్దంటినా?"

గోడ మాదే. పోయిన వానలకు ఇటుకలు ఊడాయి. ఆయనకు ఉగాది నుంచి చెబుతున్నాను.

సందు పక్కనే మా అంగడి ఖాళీ గోనెసంచులు వేసే కొట్టం. సంచుల మీద గుడ్డు ఉంది. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "చేత్తో ముట్టుకోవద్దు. కాగితంతో తీసి అవతల పారెయ్."

పారేశాను.

జూన్ 10, మంగళవారం

మా అమ్మాయి అమూల్య పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, రెండూ కక్కేసింది. సాయంత్రం ఏం పెట్టమంటావని అడిగితే తల అటు తిప్పుకుంది.

జూన్ 12, గురువారం

ఆసుపత్రి. టీబీ మందులు మొదలుపెట్టి నెల దాటింది. దగ్గు తగ్గింది. బరువు కూడా తగ్గుతూనే ఉంది. మాత్ర వేసుకున్నాక ఏదీ కడుపులో నిలవడం లేదని చెప్పాను. పాలు, పన్నీరు, మొలకెత్తిన పెసలు, వేరుశనగ ఉండలు, ఏమేం పెట్టి చూశానో వరసగా చెప్పాను. డాక్టరమ్మ ఒక్కటీ రాసుకోలేదు.

"గుడ్డు పెట్టినారా?"

"మేము తినమండీ."

"మీరు తినాకండి. పాపకు పెట్టండి."

డిగ్రీ అయిపోయిన అమూల్య, పాప అనిపించుకుని నవ్వింది. నవ్వగా చూసి చాలా రోజులైంది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఇలాగే చిక్కిపోతే ఒళ్ళు మందులను తట్టుకోలేదని చెప్పింది. తట్టుకోలేక మధ్యలో మానేస్తే జబ్బు ముదురుతుందని, అప్పుడు ఈ మాత్రలు పనిచేయవని కూడా చెప్పింది.

ఆటోలో అమూల్య అడిగింది. "నాయనకు చెప్తావా?"

"చెప్తా."

"అవ్వకు?"

నేను రోడ్డు వైపు చూశాను.

ఆయనకు చెప్పాను. అంగడి లెక్కలు చూస్తున్నారు. తల ఎత్తకుండానే, "అమ్మ ఉండంగా ఇంట్లోకి యాడ తెచ్చేది వసుధా? ఇంకేదన్నా చూడు" అన్నారు. ఇంకేదన్నా ఏమిటో చెప్పలేదు.

సోమవారం గుడ్డు పారేశానని రాశాను. పారేయలేదు. కాగితంలో చుట్టి మేడ మీద అమూల్య గదిలో పాత హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదు.

ఈరోజు తీశాను. గదిలో వేణ్ణీళ్ళ కెటిల్ ఉంది. ఎంతసేపు ఉడకాలో నాకు తెలియదు, అమూల్యకూ తెలియదు. ఫోన్‌లో చూసింది. ముక్కు మూసుకుని తినింది.

నిలిచింది.

జూన్ 15, ఆదివారం

గుడ్లు మా బజారులో కొనలేను. మూడు వీధుల వాళ్ళు ఏ పూట ఏ పప్పు వండుతారో మా అంగడికి తెలుసు. మా ఇంట్లో ఏం ఉడుకుతుందో బజారుకు తెలియడానికి ఎంతసేపు?

పెనుకొండలో పిన్నమ్మను చూసి వస్తానని బయలుదేరాను. బస్సు దిగి, ఎదురుగా గుడ్ల అట్టలు కనబడిన అంగడికి వెళ్ళాను. నోరు తెరిచాను. వెనక నుంచి గొంతు.

"ఏమక్కా, ఈడికొచ్చినావే?"

కృష్ణకాంత్. ధర్మవరంలో ఉండే మా ఆడబిడ్డకు మరిది. వ్యాపారం పని మీద వచ్చాడట.

"ఏం కొంటాండావు?"

"అగ్గిపెట్టె."

"హిందూపురంలో అంత అంగడి పెట్టుకోని, పెనుకొండకొచ్చి అగ్గిపెట్టె కొంటాండావా? రామమోహనన్న ఇయ్యనన్నాడా ఏం?"

అగ్గిపెట్టె కొన్నాను. నన్ను ఇవ్వనీయకుండా దుడ్లు అతనే ఇచ్చాడు. బస్సు ఎక్కించి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఇంటికి వచ్చి కొట్టంలో చూశాను. సంచుల మీద ఒకటి ఉంది.

జూన్ 16

దొరికింది.

జూన్ 17

దొరికింది.

జూన్ 18

లేదు. సంచులన్నీ దులిపాను. అమూల్య పెరుగన్నం తినింది. ఉండలేదు.

జూన్ 19

దొరికింది.

జూన్ 22, ఆదివారం

కోళ్ళు కరివేపాకు చెట్టు మొదలంతా కెలికేశాయి. వేర్లు బయటపడ్డాయి. అత్త కర్ర పట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇంత పెరడుంటే ఈ చెట్టు కిందనే ఎందుకు కెలుకుతాండాయే?"

"ఏమో అత్తా. పురుగులేమో."

పురుగులే అయివుంటాయి. పెంకులు నేను అక్కడే పూడుస్తున్న మాట నిజం. చెత్తబండిలో వేస్తే బండి వెంట వచ్చే అమ్మాయి బకెట్ తిప్పి చూస్తుంది. ఉత్త పెంకులతో కోళ్ళకు ఏం పని?

అత్త గోడ దగ్గరికి పొమ్మంది. పోయాను. ఆదివారం కాబట్టి యల్లక్క తల దువ్వుకుంటూ తీరిగ్గా వచ్చింది. నేను గట్టిగా మాట్లాడాను. అత్తకు వినబడాలి.

"చెట్టంతా పాడు చేసినాయి యల్లక్కా! మనుషులు ఉండాల్నా వద్దా?"

"అంత గట్టిగా అరస్తావెందుకు శెట్టెమ్మా, ఈడనే ఉండాను గదా." దువ్వెనలో వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంది. "కోడి ఊరికే కెలకదు. పురుగన్నా ఉండాల, పెంకన్నా ఉండాల. పెంకు ఎంత లోతు పూడ్చినా వదల్దు. దానికి సున్నం కావాల గదా, మళ్ళీ గుడ్డు పెట్టాలంటే."

నేను గోడ మీద ఊడిన ఇటుక ఒకటి సర్దాను.

"మీ ఇంట్లో పెంకులు యాడుంటాయిలే" అని లోపలికి వెళ్ళిపోయింది.

అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించాను.

జూన్ 24, మంగళవారం

భోజనాల దగ్గర అత్త ఆయనతో తేల్చి చెప్పింది. ఇంట్లో తానన్నా ఉండాలి, పెరట్లో ఆ కోళ్ళన్నా ఉండాలి. మున్సిపాలిటీలో తెలిసినవాళ్ళు ఉన్నారు, చెబుతానన్నారు ఆయన.

"ఇప్పుడెందుకులెండి. వానలు పోనీండి" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయారు. "దినామూ గోడకాడ అరిచేది నువ్వే గదా."

జూన్ 29, ఆదివారం

అంగడి తెరవకముందే అమూల్యను కిందికి తీసుకొచ్చి బియ్యం మూటలు తూచే కాటా మీద నిలబెట్టాను. తగ్గలేదు. కొంచెం పెరిగింది. చెప్పులు విప్పించి మళ్ళీ చూశాను. పెరిగింది.

పెంకులను ఇప్పుడు పొడి చేసి పూడుస్తున్నాను. అయినా కెలుకుతున్నాయి.

జూలై 1, మంగళవారం

అత్త ధర్మవరం వెళ్ళింది, కూతురి దగ్గరికి. పది రోజులు ఉంటుంది. వాళ్ళది పట్టుచీరల అంగడి. ఆ ఇంట్లోనూ గుడ్డు రాదు. కానీ చుట్టూ మగ్గాలవాళ్ళు. వాళ్ళు కోడికూర వండితే మా ఆడబిడ్డ కిటికీ మూసుకుంటుంది, అంతే. గోడ దగ్గరికి పోయి అరవదు. చీరలు నేసేది వాళ్ళు.

నేను మధ్యాహ్నం పడుకున్నాను. నిద్ర పట్టింది.

జూలై 3, గురువారం

ఈరోజు గుడ్డు తెల్లగా ఉంది. ఇన్ని రోజులూ గోధుమరంగువి, చిన్నవి. ఇది పెద్దది. నాటుకోళ్ళు కూడా ఒక్కోసారి తెల్లగుడ్డు పెడతాయట. ఎవరు చెప్పారో గుర్తు లేదు.

జూలై 4

తెల్లదే.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. నాకు ఉపవాసం. అమూల్యకు తెల్లగుడ్డు.

జూలై 8, మంగళవారం

పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. దుప్పటి వెనక ఉన్నాను. గోడ సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. ఆకుపచ్చ గాజులు. గుడ్డును సంచుల మీద పెట్టింది. దొర్లకుండా గోనె అంచు మడిచింది. వెనక్కి పోయింది. తర్వాత ఫ్యాక్టరీ బస్సు హారన్ వినబడింది.

మా సంచుల మీద గుడ్డు పెట్టే యల్లక్క పెట్ట ఇప్పుడు గంపలో పొదుగుతూ కూర్చుని ఉంది. పిల్లలు లేచేదాకా అది గుడ్డు పెట్టదు. గోడ మీద నుంచి చూస్తే గంప కనబడుతుంది. నేను రోజూ చూస్తున్నాను. మొదటి తెల్లగుడ్డు చూసిన రోజే నాకు తెలుసు.

పిలిచి ఉండవచ్చు. పిలిస్తే మాట్లాడాలి. మాట్లాడితే ఇద్దరికీ తెలిసిన విషయం అయిపోతుంది. ఇప్పుడు ఎవరికీ తెలియదు.

జూలై 11, శుక్రవారం

అత్త నిన్న సాయంత్రం వచ్చింది. ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

అత్త తులసికి నీళ్ళు పోస్తోంది. ఒక కోడి ఆమె ముందు నుంచే పరిగెత్తింది, నోట్లో పెంకు. దాని వెనక ఇంకొకటి. అత్త చెంబు దించి కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్ళి కర్రతో మట్టి కదిపింది. పొడి చేయకముందు పూడ్చినవీ, అత్త లేని పది రోజుల్లో పొడి చేయకుండా పూడ్చినవీ కింద ఉన్నాయి. బయటికి వచ్చాయి.

అత్త కర్ర కొనతో పెంకులను ఒక్కొక్కటే ఇవతలికి లాగింది. తర్వాత మేడ మీది గది వైపు చూసింది.

"పిల్ల ఎందుకు ఎండిపోతాండాదో ఇప్పుడు తెలిసింది" అంది.

నాకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు.

"మన పెరట్లో, మనం తినే చెట్టు కింద, గుడ్లు పూడ్చిపెట్టింది. మంత్రం చేసింది. సందు మూయద్దు మూయద్దు అంటాండింది ఇందుకే."

సందు మూసుకోమని చెప్పింది యల్లక్కే. ఆ మాట నేను అత్తతో అనలేదు.

సాయంత్రం యల్లక్కను అంగడి ముందుకు పిలిపించారు. మొగుడు ఈరప్ప ఆటో పక్కన ఆపి వచ్చాడు. వీధిలో వాళ్ళు నిలబడ్డారు. అత్త పెంకులను కాగితం మీద పెట్టి చూపించింది. యల్లక్క మొదట నవ్వింది.

"నాకు మంత్రాలొస్తే గార్మెంట్లో గుండీలు కుట్టుకుంటా ఎందుకుంటా అవ్వా? ఆ సూపర్‌వైజర్‌కే చేసుండనా ఫస్టు?"

ఒకరిద్దరు నవ్వారు. అత్త నవ్వలేదు.

"అయితే ఇవి ఈడికెట్ల వచ్చినాయి?"

యల్లక్క పెంకులు చూసింది. తెల్లవి ఉన్నాయి, గోధుమవి ఉన్నాయి. తర్వాత నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. నేను గుమ్మంలో ఉన్నాను. చేతిలో జల్లెడ ఉంది.

"ఏమో. కోళ్ళు మోసుకొచ్చింటాయి" అంది.

"కోళ్ళు గుంత తీసి పూడుస్తాయా?" అన్నారు ఆయన.

ఈరప్ప మధ్యలోకి వచ్చాడు. "అన్నా, కోళ్ళు ఉండేదాంతోనే గదా ఇదంతా. అమ్మేస్తాంలే. దీన్ని ఇంతటితో ఇడిసిపెట్టండి."

నేను జల్లెడ పట్టుకుని అలాగే ఉన్నాను.

జూలై 13, ఆదివారం

మేస్త్రీ వచ్చి సందు మూశాడు. అవతల ఈరప్ప కోళ్ళ కాళ్ళు కట్టి ఆటోలో వేశాడు. పొదిగే పెట్టను గంపతో, కింద గుడ్లతో సహా ఇచ్చేశాడు.

పెరడు శుభ్రంగా ఉంది.

జూలై 15, మంగళవారం

నిన్నా, ఈరోజూ ఏదీ నిలవలేదు. మాత్ర కూడా బయటికి వచ్చింది.

పాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు విన్నాను. ఫ్యాక్టరీ బస్సులో యల్లక్క పక్కన ఎవరూ కూర్చోవడం లేదట. చెప్పిన మనిషి గొంతు తగ్గించి చెప్పింది. మా ఇంటి మంచి కోరి చెప్పినట్టు చెప్పింది.

జూలై 16, బుధవారం

అత్త ఎవరినో పిలిపించి అమూల్య చేతికి తాయెత్తు కట్టించింది. అమూల్య నా వైపు చూస్తూ చెయ్యి చాపింది. ఆ మనిషి మాత్రలు మంత్రానికి అడ్డమని చెప్పిపోయాడట. గాలి వదిలేదాకా ఆపాలట.

"అట్లా ఆపకూడదని డాక్టరమ్మ చెప్పింది" అన్నాను ఆయనతో.

"మాత్ర వేస్తే కక్కుతాండాది గదా. ఎట్లాగూ లోపల నిలవదు. అమ్మ చెప్పినట్టు ఒక వారం చూద్దాం."

"వారం తర్వాత?"

"చూద్దాం అంటాండా గదా వసుధా."

మాత్రల డబ్బా అత్త తీసి దేవుడి గూట్లో పెట్టింది.

జూలై 17, గురువారం

పదకొండు దాటాక చెప్పులు వేసుకుని బజారుకు వెళ్ళాను. మసీదు మలుపులో గుడ్ల అంగడి. అతను నన్ను గుర్తుపట్టాడు.

"ఏం కావాలమ్మా?"

"గుడ్లు."

"ఎవరికి?"

"మా ఇంటికి."

"ఎన్ని?"

నేను లెక్క అనుకుని పోలేదు. అట్ట మొత్తం ఇమ్మన్నాను. సంచి తేలేదు. కావాలనే తేలేదో, మరిచిపోయానో చెప్పలేను.

బజారు పొడుగునా అట్ట పట్టుకుని నడిచాను. బట్టలంగడి వాళ్ళు, మందులంగడి వాళ్ళు చూశారు. ఎవరూ పలకరించలేదు. వెనక సందులోంచి పెరట్లోకి పోయే దారి ఉంది. అటు తిరగలేదు. అంగడి ముందుకు వచ్చాను.

ఆయన కందిపప్పు తూస్తున్నారు. ముగ్గురో నలుగురో ఉన్నారు. యల్లక్క కూడా ఉంది. ఈరోజు పనికి పోనట్టుంది. మిగతావాళ్ళకు కొంచెం దూరంగా, కాగితంలో చింతపండు కట్టించుకుని నిలబడింది. ఆయన అట్ట చూశారు. చేతిలో పప్పు పొట్లం అలాగే ఉంది.

"ఏమిది?"

"గుడ్లు. అమూల్యకు. కరివేపాకు చెట్టు కింద పెంకులు నేను పూడ్చినవి. మంత్రం లేదు, ఏమీ లేదు. జూన్ నుంచి పెడతాండా. గుడ్డు తింటేనే మాత్ర నిలుస్తాండాది. పెరిగింది కూడా. మీ కాటా మీదే తూచినా."

ఒకే గుక్కలో చెప్పాను. గొంతు మామూలుగానే ఉంది. గోడ దగ్గర అరిచినంత గట్టిగా కూడా లేదు.

పప్పు కొంటున్న ఆమె తన పొట్లం తీసుకుని, చిల్లర మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆయన పిలిచి చిల్లర ఇచ్చారు. తర్వాత గల్లా మూసి, లోపలికి దారి ఇస్తూ పక్కకు జరిగారు. ఆయన నుంచి నేను అంతకంటే అడగలేదు.

యల్లక్క వైపు తిరిగాను. ఏమనాలో ముందుగా అనుకుని పోయి ఉండవలసింది.

"యల్లక్కా, నేను ఆ పొద్దే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది" అంది.

"అందరికీ చెప్తా. నీ ఫ్యాక్టరీ బస్సు కాడికొచ్చి చెప్తా."

"రా. రేపు ఏడున్నరకు. ఊరికే అనేసి ఇంట్లో కూర్చోవాకు, వచ్చి చెప్పు." చింతపండు పొట్లం కొంగులో కట్టుకుంది. "నా కోళ్ళు మాత్రం ఇంక రావు. పొదిగేదాన్ని గంపతో ఇచ్చినాడు ఆ మొగోడు."

వెళ్ళబోయి ఆగింది. నా చేతుల వైపు చూసింది.

"అట్ట అట్లా ఒక అంచు పట్టుకుంటే నడుమ వంగి పగుల్తాయి. కింద చెయ్యి పెట్టు. ఇంకో చెయ్యి. ఆఁ."

లోపలికి వెళ్ళాను. అత్త నడవలో నిలబడి ఉంది. అన్నీ విన్నది. దేవుడి గూడు ఆమె వెనక ఉంది. అట్ట కింద పెట్టి, ఆమె పక్క నుంచి చెయ్యి చాపి మాత్రల డబ్బా తీసుకున్నాను. ఆమె అడ్డం రాలేదు. "ముట్టుకున్న చేత్తోనే గూట్లో చెయ్యి పెట్టినావు" అని మాత్రం అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. అట్ట తీసుకుని మెట్లెక్కాను.

జూలై 18, శుక్రవారం

బస్సు దగ్గరికి వెళ్ళి చెప్పాను. కొందరు విన్నారు. కొందరు అప్పటికే ఎక్కేశారు. యల్లక్క కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. బస్సు కదిలే ముందు ఒకామె ఎక్కి, అటూ ఇటూ చూసి అక్కడే కూర్చుంది. వేరే సీటు లేక కావచ్చు.

జూలై 20, ఆదివారం

అత్త పెరటి వైపు గదిలో వేరే పొయ్యి పెట్టుకుంది. తన నీళ్ళు తానే తెచ్చుకుంటోంది. బిందె మోయలేక రెండుసార్లు దించింది. పట్టుకోబోతే వద్దంది.

మాత్ర నిలిచింది. మధ్యాహ్నం అమూల్య ఇంకో గుడ్డు అడిగింది.